వేడుక వెనుక దస్తావేజు

అమెరికాలో నల్లజాతి చరిత్ర ఉత్సవానికి ఈ ఫిబ్రవరితో నూరేళ్లు నిండాయి. 1926 ఫిబ్రవరి రెండో వారంలో ‘నీగ్రో చరిత్ర వారం’గా మొదలైన ఆచరణే నేటి ‘బ్లాక్ హిస్టరీ మంత్’. ఈ నూరేళ్లను మధ్యకు విరిచి చూస్తే రెండు భిన్నమైన కథలు కనిపిస్తాయి. మొదటి యాభై ఏళ్లు దానిని మోసింది ఒక చిన్న సంఘం, దాని వెంట నిలిచిన ఉపాధ్యాయులు, చర్చిలు, మహిళా క్లబ్బులు. 1976లో అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ నెల రోజుల ఉత్సవాన్ని గుర్తిస్తూ సందేశం వెలువరించాక, రెండో యాభై ఏళ్లలో ప్రభుత్వ శాఖలు, వ్యాపార సంస్థలు, టెలివిజన్ చానళ్లు దానిని తమ క్యాలెండర్లలోకి ఎక్కించుకున్నాయి. ఇప్పుడు వాటిలో చాలా భాగం చేతులు దులుపుకుంటున్నాయి. మళ్లీ సంఘమే మిగులుతోంది. ఆ సంఘం ఇంతకాలం దేని మీద నిలిచింది అన్న ప్రశ్న, ఏప్రిల్‌ను దళిత చరిత్ర మాసంగా జరుపుకుంటున్న మన విద్యార్థులకు పరాయిది కాదు.

ఉత్సవ స్థాపకుడు కార్టర్ జి. ఉడ్సన్ పేరు మనవారికి అంతగా పరిచయం లేదు. బానిసత్వం నుంచి బయటపడిన తల్లిదండ్రులకు ఆయన 1875లో వర్జీనియాలో పుట్టారు. తండ్రికి చదువు రాదు. కొడుకు చేత పత్రికలు చదివించుకుని వినేవాడు. యవ్వనంలో ఉడ్సన్ వెస్ట్ వర్జీనియా బొగ్గు గనుల్లో కూలి. అక్కడ ఆలివర్ జోన్స్ అనే నల్లజాతి గని కార్మికుడు ఉండేవాడు. అంతర్యుద్ధంలో పోరాడిన మనిషి. తనకు చదవడం రాకపోయినా ఇంటి నిండా పుస్తకాలు, పత్రికలు పోగుచేసి, పని ముగించుకుని వచ్చిన కార్మికులకు ఉడ్సన్ చేత చదివించేవాడు. యుద్ధంలో తాము చూసినవాటిని ఆ కార్మికులు చెప్పుకుంటుంటే ఉడ్సన్ వినేవారు. అచ్చులో ఉన్న చరిత్రకూ, నోట నలిగే చరిత్రకూ మధ్య ఎంత దూరం ఉందో ఆయనకు మొదట తెలిసింది ఆ గదిలోనే. ఇరవై ఏళ్ల వయసులో హైస్కూలులో చేరిన ఈ గని కార్మికుడు 1912లో హార్వర్డ్ నుంచి చరిత్రలో డాక్టరేట్ పొందారు. డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్ తరువాత ఆ విశ్వవిద్యాలయంలో ఆ పట్టా అందుకున్న రెండో నల్లజాతీయుడు ఆయన. ఆ చదువు సాగుతున్నప్పుడే నల్లవారికి చరిత్ర లేదన్న మాట అక్కడి ఆచార్యుల నోట ఆయన విన్నారు.

అది ఒకరిద్దరి వ్యక్తిగత దురభిప్రాయం కాదు, ఆనాటి పాండిత్యపు తీర్పు. అంతర్యుద్ధం తరువాత దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవారు ఓటు వేసి, శాసనసభల్లో కూర్చున్న పదేళ్ల కాలాన్ని అసమర్థుల పాలనగా, అవినీతి అధ్యాయంగా చిత్రించిన చరిత్రకారులు అప్పుడు రాజ్యమేలుతున్నారు. ఆ ధోరణికి ‘డన్నింగ్ స్కూల్’ అని పేరు. దాని పుట్టిల్లు కొలంబియా విశ్వవిద్యాలయం. అంబేడ్కర్ 1913 నుంచి 1916 వరకు చదువుకున్న కొలంబియా అదే. ఆయన అక్కడ ఉన్న కాలంలోనే, 1915లో, ఆ చరిత్రనే తెరకెక్కించి కూ క్లక్స్ క్లాన్‌ను వీరులుగా చూపిన ‘ది బర్త్ ఆఫ్ ఎ నేషన్’ సినిమాను అధ్యక్ష భవనంలో ప్రదర్శించారు. పండితుడు రాసినదాన్ని సినిమా ఊరూరా చేర్చింది.

అదే ఏడాది వేసవిలో చికాగోలో బానిస విముక్తి స్వర్ణోత్సవ ప్రదర్శన జరిగింది. నల్లజాతి జీవితాన్ని, సాధించిన విజయాలను చూపే ఆ ప్రదర్శన కోసం దేశం నలుమూలల నుంచి వేలాది మంది వచ్చి వరుసల్లో నిలుచున్నారు. ఉడ్సన్ కూడా అక్కడ ఒక చిన్న ప్రదర్శన పెట్టుకున్నారు. జనానికి తమ గతం మీద ఆకలి ఉంది. వడ్డించడానికి వంటే కాలేదు. 1915 సెప్టెంబర్ 9న, నల్లవారి వాడ బ్రాంజ్‌విల్‌లోని వాబాష్ అవెన్యూ వైఎంసీఏ భవనంలో జార్జ్ క్లీవ్‌లండ్ హాల్ అనే వైద్యుడు, మరి కొద్దిమందితో కలిసి ఉడ్సన్ ‘నీగ్రో జీవిత, చరిత్ర అధ్యయన సంఘం’ నెలకొల్పారు. (‘నీగ్రో’ అన్నది నేడు వాడదగిన మాట కాదు, ఆనాటి పేర్లలో ఉన్నచోట మాత్రమే ఇక్కడ ఉంచుతున్నాను.) 1916 జనవరికల్లా సంఘం త్రైమాసిక పత్రిక మొదటి సంచిక వచ్చింది. మిగిలినవారితో పూర్తిగా చర్చించకుండానే ఉడ్సన్ సొంత డబ్బు పెట్టి దానిని అచ్చు వేయించారు. ఆ తొందరపాటు ఆయన స్వభావంలోనే ఉంది.

ఇక్కడ ఒక వరుసక్రమాన్ని గమనించాలి. సంఘం 1915లో, పత్రిక 1916లో, సొంత ప్రచురణ సంస్థ ‘అసోసియేటెడ్ పబ్లిషర్స్’ 1921లో వచ్చాయి. ఉత్సవం వచ్చింది 1926లో. అంటే పండుగకు ముందు పదకొండేళ్ల పని ఉంది. పత్రికలో వ్యాసాలతోపాటు ‘పత్రాలు’ అన్న శీర్షిక కింద పాత ఉత్తరాలు, యాత్రికుల కథనాలు, చట్టాలు యథాతథంగా అచ్చయ్యేవి. 1929 నుంచి ఉడ్సన్ సేకరించిన వేలాది పత్రాలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు చేరాయి. తెల్లవారి ప్రచురణ సంస్థలు ముట్టని పుస్తకాలను వేయడానికే సొంత ప్రచురణ సంస్థ పెట్టుకోవలసి వచ్చింది.

ఆ పని ఎంత నీరసమైనదో చెప్పడానికి ఒక సాక్షి ఉన్నాడు. 1925లో కొద్ది నెలలు ఉడ్సన్ కార్యాలయంలో ఒక యువకుడు పనిచేశాడు. ఉదయాన్నే తలుపులు తీయాలి, కొలిమి రాజేయాలి, దుమ్ము దులపాలి, టపా విడదీయాలి. వాటన్నింటికీ మించిన పని మరొకటి: 1830 నాటికి అమెరికాలో బానిసలు కాకుండా స్వతంత్రంగా జీవిస్తున్న నల్లజాతి కుటుంబ పెద్దల పేర్లు, సుమారు 30,000, అక్షర క్రమంలో అమర్చాలి. కళ్లు లాగేసే ఆ చాకిరీ భరించలేక అతడు ఉద్యోగం మానేసి హోటల్లో ఎంగిలి పళ్లాలు తీసే పనికి కుదిరాడు. అతడి పేరు లాంగ్‌స్టన్ హ్యూస్. తరువాతి కాలంలో నల్లజాతి మహాకవి అయినవాడు పారిపోయిన పని అది. కానీ ఆ జాబితా పుస్తకంగా వచ్చింది. బానిసత్వ కాలంలో నల్లవారంటే బానిసలే అనుకునేవారికి ఇంటి పెద్ద పేరుతో సహా, ఏ రాష్ట్రంలో ఏ కౌంటీయో సహా జవాబు చెప్పే పుస్తకం. అందులో వీరగాథలు లేవు. పేర్లున్నాయి.

ఫిబ్రవరి రెండో వారాన్నే ఎంచుకోవడంలోనూ లోకజ్ఞానం ఉంది. 12న లింకన్ జయంతి, 14న ఫ్రెడరిక్ డగ్లస్ జయంతిగా నల్లవారు అప్పటికే జరుపుకునే రోజులు. వాషింగ్టన్ నల్లజాతి పాఠశాలల్లో డగ్లస్ దినాన్ని 1897లోనే మేరీ చర్చ్ టెరెల్ ప్రవేశపెట్టారు. జనం పాటించే అలవాటును ఉడ్సన్ తీసుకుని, దాని లోపలి సరుకు మార్చారు. ఇద్దరు మహాపురుషుల స్మరణకు బదులు, ఒక జనసమూహం చేసిన పని మీదికి దృష్టి మళ్లించారు. నల్లవారికి వేరే చరిత్ర ఉందని చెప్పడం ఆయన ఉద్దేశం కాదు. దేశ చరిత్రలో వారి పాత్రను తీసేస్తే ఆ దేశ చరిత్రే తప్పుడు లెక్క అవుతుందన్నది ఆయన వాదం. ఆ వారం ఏడాది పొడవునా సాగిన అధ్యయనాన్ని ప్రదర్శించే సందర్భం కావాలని, ఒకనాటికి దాని అవసరమే లేకుండా పోవాలని ఆశించారు. చదువు లేకుండా వేదికలెక్కి నల్లజాతి గొప్పలు చెప్పి డబ్బు చేసుకునేవారిని ఆయన తీవ్రంగా అసహ్యించుకున్నారు.

సంఘం ఖర్చులు ఎవరు భరించారన్నది నా దృష్టిలో ఈ కథకు గుండెకాయ. 1920ల్లో కార్నెగీ, రాక్‌ఫెల్లర్, రోజెన్‌వాల్డ్ వంటి తెల్ల దాతల నిధులు అందాయి. ఆ నిధుల ప్రపంచంలో పలుకుబడి కలిగిన ఫెల్ప్స్-స్టోక్స్ ఫండ్ విద్యా విభాగపు అధిపతి థామస్ జెస్సీ జోన్స్‌తో ఉడ్సన్‌కు విరోధం ఏర్పడింది. నల్లవారి తరఫున మాట్లాడే హక్కు జోన్స్‌కు ఎవరిచ్చారని ఉడ్సన్ బహిరంగంగానే ప్రశ్నించారు. సంఘాన్ని ఏదైనా విశ్వవిద్యాలయానికి అనుబంధం చేస్తే తప్ప సహాయం కొనసాగదన్న ఒత్తిడి వచ్చింది. ఉడ్సన్ ఒప్పుకోలేదు. 1930ల తొలినాళ్లకు పెద్ద నిధులు దాదాపు ఎండిపోయాయి. అది మహామాంద్యపు కాలం. నల్లవారి ఉద్యోగాలు అందరికంటే ముందు ఊడుతున్న కాలం.

సంఘం అప్పుడు మూతపడి ఉండాలి. పడలేదు. 1930లో లోరెంజో గ్రీన్ అనే యువ చరిత్రకారుడు, హోవర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు కొందరు ఒక ఫోర్డు కారులో పుస్తకాలు వేసుకుని ఊరూరా అమ్ముతూ తిరిగారు. గ్రీన్ రాసుకున్న దినచర్య నేడు పుస్తకంగా దొరుకుతుంది. పని లేనివాళ్లు, అప్పుల్లో ఉన్నవాళ్లు సైతం పుస్తకం కొనడానికి చేతనైనంత తీసిన వైనం అందులో ఉంది. నల్లజాతి ఉపాధ్యాయులు, చర్చి సంఘాలు, మహిళా క్లబ్బులు చిన్న చిన్న మొత్తాలు పంపారు. వారికి సంఘం నుంచి పటాలు, బొమ్మలు, పిల్లలు ఆడదగిన నాటికలు, పఠన సూచికలు అందేవి. 1936లో మేరీ మెక్‌లియాడ్ బెతూన్ సంఘానికి తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు. 1951 దాకా ఆ పదవిలో ఉన్నారు. పండితుల పత్రిక బడిపిల్లలకు అందదని ఆమె పట్టుబట్టడంతోనే 1937లో ఉపాధ్యాయుల కోసం ‘నీగ్రో హిస్టరీ బులెటిన్’ వచ్చింది. పదిమందితో కలిసి పనిచేయడం ఉడ్సన్‌కు చేతకాని విద్య. డుబాయిస్ తలపెట్టిన విజ్ఞాన సర్వస్వంలో సైతం ఆయన చేరలేదు. ఆయన స్థాపించినదాన్ని ఉద్యమంగా మలిచిన ఘనతలో సగానికి పైగా ఈ మహిళలదే అనడం అతిశయోక్తి కాదు.

పైగా ఆ బోధన నిరపాయకరమైన సాంస్కృతిక కార్యక్రమం కాదు. 1920ల్లో ఓక్లహోమాలోని మస్కోగీలో ఉడ్సన్ పాఠ్యపుస్తకం వాడుతున్నారని తెలిసి తెల్లవారి విద్యామండలి దానిని నిషేధించింది. నల్లజాతి బడి ప్రిన్సిపాల్ పదవి కోల్పోయారు. 1930ల్లో లూసియానాలో టెస్సీ మెక్‌గీ అనే ఉపాధ్యాయురాలు ఏం చేసేదో చరిత్రకారుడు జార్విస్ గివెన్స్ వివరించారు. బల్ల మీద ప్రభుత్వం ఇచ్చిన పాఠ్య ప్రణాళిక, ఒడిలో ఉడ్సన్ పుస్తకం. ఒడిలోంచి చదివి పాఠం చెప్పేది. ప్రిన్సిపాల్ గదిలోకి వస్తే చూపు బల్ల మీదికి మళ్లేది. ఆయన వెళ్లగానే మళ్లీ ఒడిలోకి. పిల్లలు ఉడ్సన్‌ను నేర్చుకున్నారు. తమ టీచరు దేనిని ఎందుకు దాస్తోందో కూడా నేర్చుకున్నారు. రెండో పాఠం ఏ పుస్తకంలోనూ ఉండదు.

చికాగోలో కథ మరోలా సాగింది. సంఘ స్థాపకుల్లో ఒకరైన డాక్టర్ హాల్ పేరుతో 1932లో బ్రాంజ్‌విల్‌లో గ్రంథాలయ శాఖ తెరిచారు. దానికి అధిపతిగా వచ్చిన వివియన్ హార్ష్ నల్లజాతికి సంబంధించిన పుస్తకాలు, రాతప్రతులు, కరపత్రాలు ఒక్కొక్కటిగా పోగుచేసి ప్రత్యేక భాండాగారం కట్టారు. 1942లో మ్యాడెలిన్ మోర్గన్ అనే ఉపాధ్యాయురాలు నల్లజాతి చరిత్రను చేర్చిన అనుబంధ పాఠాలను తయారు చేసి, చికాగో ప్రభుత్వ పాఠశాలల్లో ప్రవేశపెట్టించారు. సంఘం, గ్రంథాలయం, బడి ఇలా ఒకే వాడలో ఒకదానికొకటి ఆసరా అయ్యాయి.

రెండో యాభై ఏళ్ల సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. 1970లో ఒహాయో రాష్ట్రంలోని కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయ విద్యార్థులు వారాన్ని నెలగా జరిపారు. 1972లో సంఘం తన పేరులోని ‘నీగ్రో’ను తొలగించింది. 1976 తరువాత ఉత్సవం జాతీయమైంది. ఊళ్లో ప్రతివాడూ జరుపుకునే పండుగకు వచ్చే లాభం, నష్టం రెండూ దానికి వచ్చాయి. కోట్ల మంది పిల్లలు హారియెట్ టబ్‌మన్, రోజా పార్క్స్ పేర్లు విన్నారు. ఆ పేర్లే ఏటా తిరిగి తిరిగి వచ్చి, మిగిలిన ముప్పై వేల పేర్లు మళ్లీ మరుగునపడ్డాయి. రోజా పార్క్స్ అలసిపోయి బస్సులో లేవలేదన్న కథ మిగిలింది. ఆమె అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచి ఒక సంస్థ కార్యదర్శిగా పనిచేసిందన్న సంగతి జారిపోయింది. రాజ్యం పండుగ చేసినప్పుడు వ్యక్తి మిగులుతాడు, సంఘం మాయమవుతుంది.

రాజ్యం ఇచ్చినది రాజ్యమే తీసుకుంటుంది. 2023 జనవరిలో ఫ్లోరిడా రాష్ట్రం హైస్కూలు విద్యార్థుల కోసం రూపొందించిన ఆఫ్రికన్ అమెరికన్ అధ్యయనాల పాఠ్యక్రమాన్ని తిరస్కరించింది. 2025 జనవరి 31న, ఫిబ్రవరి మొదలవడానికి ముందు రోజు, అమెరికా రక్షణ శాఖ ఇలాంటి మాసాల నిర్వహణకు అధికారిక వనరులు వాడరాదని ప్రకటించింది. గూగుల్ క్యాలెండర్‌లో ముందుగా నమోదై ఉండే బ్లాక్ హిస్టరీ మంత్ కనిపించడం లేదని అదే రోజుల్లో జనం గుర్తించారు. మార్చిలో అధ్యక్షుడు ట్రంప్ జారీ చేసిన కార్యనిర్వాహక ఉత్తర్వు స్మిత్సోనియన్ మ్యూజియంలను, వాటిలో భాగమైన ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర మ్యూజియాన్ని తప్పుపట్టింది. దీనికి సంఘం ప్రతిస్పందన గమనించదగినది. ఫ్లోరిడా నిషేధాలు మొదలయ్యాక తన 2023 వార్షిక మహాసభను ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లోనే జరిపింది. ఆ రాష్ట్రంలోని నల్లజాతి చర్చిలు చరిత్ర పాఠాలను తమ ప్రాంగణాల్లో చెప్పడానికి పూనుకున్నాయి. 1930ల్లో దాతలు తప్పుకున్నప్పుడు పనికొచ్చిన దారే ఇప్పుడూ పనికొస్తోంది.

కులమూ, జాతివర్ణమూ ఒకటి కావు. అయినా ఈ రెండు పోరాటాల మధ్య రాకపోకలు పాతవే. ఫూలే 1873లో ‘గులాంగిరి’ని బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికన్ ప్రజలకు అంకితమిచ్చారు. 1946లో అంబేడ్కర్ ఐక్యరాజ్యసమితికి నల్లవారు సమర్పించిన విజ్ఞాపన ప్రతులు కావాలని డుబాయిస్‌కు ఉత్తరం రాశారు. బ్లాక్ పాంథర్ల పేరుతో 1972లో బొంబాయిలో దళిత పాంథర్లు వచ్చారు. బ్లాక్ హిస్టరీ మంత్ స్ఫూర్తితోనే 2015లో కొందరు దళిత మహిళలు అంబేడ్కర్ పుట్టిన ఏప్రిల్‌ను దళిత చరిత్ర మాసంగా పాటించడం మొదలుపెట్టారు. 2022లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం దానిని గుర్తించింది. మన విశ్వవిద్యాలయాల్లోని విద్యార్థి సంఘాలూ దానిని జరుపుతున్నాయి. ఈ అరువు సగర్వంగా చెప్పుకోదగినదే. అయితే మనం తెచ్చుకున్నది ఉడ్సన్ మొదటి యాభై ఏళ్ల నుంచా, తరువాతి యాభై ఏళ్ల నుంచా?

హైదరాబాద్‌లో 2023 ఏప్రిల్ 14న 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహాన్ని ఆవిష్కరించారు. తొమ్మిది నెలలకు, 2024 జనవరిలో, విజయవాడలో 81 అడుగుల పీఠం మీద మరో 125 అడుగుల విగ్రహం లేచింది. విగ్రహాలు వద్దనే మాట నాది కాదు. ఊరి కూడలిలో చూపుడు వేలు నిలబెట్టడానికి ఎందరు దెబ్బలు తిన్నారో తెలిసినవాళ్లెవరూ ఆ మాట అనరు. కానీ అదే విజయవాడలో 1917 నవంబరులో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభ, పంచమ అన్న పేరును తోసిపుచ్చి ఆది ఆంధ్ర అన్న పేరును తనకు తానుగా ఎంచుకుంది. ఆ సభకు ఏయే ఊళ్ల నుంచి ఎవరు వచ్చారు, దారి ఖర్చులు ఎవరిచ్చారు, తిరిగి వెళ్లాక తమ పల్లెల్లో ఏం చేశారు? ఉడ్సన్ దగ్గర ముప్పై వేల చీటీలు సర్దిన కుర్రాడి చాకిరీ లాంటిది ఎవరో చేస్తే తప్ప ఆ పేర్లు మనకు రావు. మనవాళ్లలో అలాంటి చాకిరీ చేసినవారు లేకపోలేదు. హైదరాబాద్ దళితోద్యమంలో పాల్గొన్న పి.ఆర్. వెంకటస్వామి, భాగ్యరెడ్డి వర్మ కాలం నుంచి నడిచిన సంఘాలు, సభలు, మనుషులు, వారి మధ్య తగాదాలతో సహా ‘అవర్ స్ట్రగుల్ ఫర్ ఎమాన్సిపేషన్’ అనే గ్రంథంలో నమోదు చేశారు. సికింద్రాబాద్‌లో అది అచ్చయింది 1955లో. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ దానిని తిరిగి వెలుగులోకి తెచ్చింది 2020లో. నడుమ అరవై అయిదేళ్లు. ఆ అరవై అయిదేళ్లలోనూ మన ఊళ్లలో జయంతి ఊరేగింపులు ఏటా సాగుతూనే ఉన్నాయి.